కాలయాత్రికుడు దిగు చోటు

కాలములో వెనుకకు పోవుట సాధ్యమా యను ప్రశ్న ఇప్పుడు పాఠశాలలలో పదవ తరగతి బాలుర నోటగూడ వినబడుచున్నది. చలనచిత్రములే దీనికి ముఖ్యకారణము. 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ అను తెలుగు చిత్రమును చూడని యిల్లు మన ప్రాంతమున అరుదు. అందొక యంత్రము మనుష్యులను కృష్ణదేవరాయల కాలమునకు కొనిపోవును. ఆ యంత్రము రాయల కాలమునకు పోయినది సరే. రాయల రాజ్యమునకు ఎట్లు చేరినది? ఇట్లడిగిన బాలుని నేనింతవఱకు చూడలేదు. ఎప్పుడు అను మాటను పట్టుకొనువారే గాని ఎక్కడ అను మాటను పట్టుకొనువారు కానరారు. ఈ రెండు మాటలును విడదీయరానివని మన దేశమువారు ఎట్లు తెలిసికొనిరో ఆ చరిత్రము చెప్పుటకే యీ వ్యాసము.

ఆంగ్లకథకుడు వెల్సు 1895లో కాలయంత్రమును గూర్చి నవల వ్రాసినపుడు ఈ విషయమున కొంత జాగ్రత్త పడినాడు. ఆయన కథానాయకుని యంత్రము ప్రయోగశాలలో ఒక మూలనుండి బయలుదేరి, తిరిగి వచ్చునప్పటికి ఎదుటి మూలను నిలిచెను. ఏలయనగా భవిష్యత్కాలమున కొందఱు దానిని కొంతదూరము ఈడ్చుకొనిపోయిరి. ఆ దూరమే ఇక్కడను కనబడినది. గజముల లెక్క ఇంత చక్కగా చూచుకొనిన రచయిత భూమి కదలుచున్నదను సంగతిని మాత్రము కథలోనికి రానీయలేదు. మన పురాణకర్తయు అంతే. రైవతుడను రాజు తన కుమార్తె రేవతిని వెంటబెట్టుకొని, తగిన వరుని తెలిసికొనుటకై బ్రహ్మలోకమునకు పోయెను. అక్కడ గంధర్వగానము ముగియువఱకు క్షణకాలము నిలిచినంతలో భూలోకమున ఇరువదియేడు మహాయుగములు గడచిపోయినవట. రాజు తలచుకొనిన వరులు, వారి పుత్రపౌత్రులు, వారి గోత్రనామములు సైతము లేకుండ పోయినవి. కాలగమనము చోటునుబట్టి మాఱునన్న యీ ఊహ మిక్కిలి సాహసమైనది. కాని రాజు తిరిగి వచ్చినపుడు తన కుశస్థలి యుండిన చోటు ఉన్నచోటనే దొరకినది. విష్ణుపురాణము ప్రకారము అది అప్పటికి ద్వారకయైనది. ఊరి పేరు మాఱినది, మనుష్యులు మాఱిరి, చోటు మాత్రము మాఱలేదు. భూమి అచలమను నమ్మకమే దీనికి మూలము.

ఈ నమ్మకమును క్రీ. శ. 499 ప్రాంతమున, తన యిరువదిమూడవయేట, ఆర్యభటుడు ప్రశ్నించెను. పడవలో పోవువానికి ఒడ్డున నున్న చెట్లు వెనుకకు పోవునట్లు తోచును గదా. అట్లే తిరుగుచున్న భూమిపై నున్న మనకు నక్షత్రములు పడమటికి పోవుచున్నట్లు కనబడునని ఆయన సమాధానము. ఒక మహాయుగములో భూమి 1,58,22,37,500 మాఱులు తిరుగునని లెక్కయు కట్టినాడు. తరువాతి సిద్ధాంతులలో పెక్కుమంది దీనిని ఒప్పుకొనలేదు. వ్యాఖ్యాతలు ఆ శ్లోకములకు వేఱర్థములు తీసి గురువుగారిని కాపాడ జూచిరి. గొప్పవాని మాటను త్రోసివేయలేక దాని యర్థమును త్రోసివేయుట మన పండితలోకమునకు ఆనాటినుండియు అలవాటే.

ఆర్యభటుని మాట నిజమైనపుడు కాలయాత్రికుని గతి యేమగునో మా నల్లజర్లను తీసికొని చూతము. ఈ గ్రామము భూమధ్యరేఖకు ఉత్తరమున దాదాపు 17 అంశల మీద నున్నది. భూమి తనచుట్టు తాను తిరుగుటచేత ఇక్కడి నేల ప్రతి సెకండునకు సుమారు 445 మీటర్లు తూర్పునకు పోవుచున్నది. ఈ తిరుగుడు తప్ప భూమికి వేఱు చలనము లేదనుకొని, ఒకడు ఇక్కడనుండి, తానున్న చోటు విడువక, నిమిషమున్నర కాలము వెనుకకు పోయెనని యనుకొందము. అప్పటికి నల్లజర్ల ఇంకను పడమట నుండును. వాని కాళ్ల క్రిందికి తూర్పున 40 కిలోమీటర్ల దూరమునందలి ప్రదేశము వచ్చియుండును. అనగా వాడు కొవ్వూరు దాటి గోదావరిలో పడవలసివచ్చును. ఇది యింకను మేలు. భూమి సూర్యుని చుట్టు సెకండునకు ఇంచుమించు 30 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది గదా! దానినిగూడ లెక్కకు తెచ్చినచో, ఒక్క ఘడియ వెనుకకు పోయినవానికి భూమియే 42,000 కిలోమీటర్లకు పైగా దూరమున నుండును. వానికి గోదావరి గాదు గదా, గాలియు దొరకదు. సూర్యుడును ఊరకుండలేదు, తన గ్రహకుటుంబముతో పాలవెల్లి నడిబొడ్డు చుట్టు సెకండునకు రెండువందల కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగిడుచున్నాడు. ఇక ‘ఉన్న చోటు’ అనగా నేమి?

ఈ ప్రశ్నకు భౌతికశాస్త్రము చెప్పిన సమాధానమునకు పూర్వము, మన పంచాంగము చెప్పిన సమాధానమొకటి కలదు. సిద్ధాంతగ్రంథములలోని గ్రహగణితమంతయు లంకానగరమునుండి ఉజ్జయిని మీదుగా కురుక్షేత్రమునకు పోవు మధ్యరేఖకు లెక్కించినది. ఆ రేఖకు తూర్పున గాని పడమట గాని యున్న ఊరికి దేశాంతరసంస్కారము చేయనిదే ఘడియలు సరిపడవు. నల్లజర్ల ఉజ్జయినికి సుమారు 5.6 అంశలు తూర్పున నున్నది. అంశకు నాలుగు నిమిషముల చొప్పున ఇరువదిరెండు నిమిషములకు పైగా, అనగా ఒక ఘడియకు కొంచెము తక్కువగా, భేదము. ఉజ్జయినిలో సూర్యుడు నడినెత్తికి వచ్చునప్పటికి మా ఊరిలో పొద్దు వాలుచుండును. కాబట్టి ‘ఇప్పుడు’ అను మాటకు ‘ఇచ్చట’ అను తోడు కావలెనని మన జ్యౌతిషులు ఏనాడో యెఱుగుదురు. దురదృష్టమేమనగా, సూత్రము తెలిసినవారు ఆకాశమును చూచుట మానిరి. తరతరముల వాక్యకరణములనే వల్లించుచు పోవుటచేత లెక్కకును గ్రహమునకును ఎడము పెరిగిపోయినది.

ఆ యెడమును చూపి చెప్పిన సాహసికుడు చింతామణి రఘునాథాచారి. పంచాంగకర్తల వంశమున బుట్టి, మద్రాసు వేధశాలలో చిన్న యుద్యోగమున జేరి, ప్రథమ సహాయకుని పదవివఱకు వచ్చినవాడు. 1867లో దక్షిణాకాశమున రెటిక్యులమ్ అను రాశిలో కాంతి పెరుగుచు తరుగుచుండు నక్షత్రమొకదానిని కనిపెట్టెను. 1874 డిసెంబరు 9వ తేదీని శుక్రుడు సూర్యబింబము మీదుగా నడచునని ముందుగా చెప్పుచు, పండితునకును సిద్ధాంతికిని సంభాషణగా ఒక చిన్న పుస్తకము వ్రాసి జనులలోనికి పంపెను. దృష్టికి సరిపడు గణితముతో పంచాంగము వెలయించెను. ధర్మకార్యములకు పాత లెక్కయే చాలునని వాదించినవారితో ఆయన పడిన శ్రమ 1880లో ఆయన మరణించునాటికిని తీరలేదు. నేటికిని తీరినదని చెప్పజాలము. రెండు పంచాంగములు ఒకే పండుగను రెండు దినములలో వేయుటను మనము ఏటేట చూచుచునే యున్నాము.

ఆ మద్రాసు వేధశాల కథ మఱింత చిత్రమైనది. తూర్పు సముద్రతీరమున తిరుగు కుంపిణీ ఓడలకు తామెచ్చట నున్నది తెలియుట ప్రాణావసరము. అక్షాంశము ధ్రువనక్షత్రపు ఎత్తునుబట్టి తెలియును; రేఖాంశము తెలియుటకు మాత్రము రెండు చోట్ల కాలము ఒక్కమాఱే తెలియవలెను. అనగా చోటును కొలుచు కొలబద్ద గడియారమే. విలియం పెట్రీ అను నుద్యోగి 1786లో స్వంతముగా పెట్టుకొనిన వేధశాలను కుంపిణీవారు స్వీకరించి, 1792లో నుంగంబాకమున కట్టడము కట్టించిరి. దానిని నిర్మించిన మైకేల్ టాపింగు మన తీరమును కొలిచినవాడే. 1796లో బందరులో కన్నుమూసెను. అక్కడ పరికరము నిలుపుటకై యెత్తిన నల్లరాతి స్తంభముపై ఒక శాసనము కలదు. వెయ్యేండ్ల తరువాతి జనులకు, ఆసియాలో గణితశాస్త్రములు ఎప్పుడు నాటబడినవో తెలియుటకై దానిని చెక్కించిరట! ఆ శాసనము మన తెలుగులోగూడ నున్నది. ఆర్యభటుడు పుట్టిన దేశమున, ఆయనకు పదుమూడు శతాబ్దముల తరువాత వచ్చి ఇట్లు చెప్పుకొనుట నవ్వు పుట్టించును. కాని వెయ్యేండ్ల తరువాతివానితో మాటలాడవలెనను కోరిక మాత్రము మెచ్చదగినది. ఇంతవఱకు మనుష్యునికి చేతనైన కాలయానములలో శాసనము చెక్కుటయు నొకటి గదా.

ఆ స్తంభమున్న చోటే భారతదేశపు పటమునకంతటికి మొదలైనది. 1802లో లాంబ్టన్ మద్రాసు చెంత ఆధారరేఖను కొలిచి ఆరంభించిన త్రికోణమితి సర్వే, రేఖాంశములన్నిటిని ఆ వేధశాల రేఖాంశమునుండియే లెక్కించెను. గ్రీనిచ్చికిని మద్రాసునకును గల కాలభేదమును ఆనాడు చంద్రుని, గురుగ్రహపు ఉపగ్రహముల గమనములనుబట్టి నిర్ణయింపవలసి వచ్చెను. తంతి వచ్చిన పిమ్మట, రెండుచోట్ల గడియారములను ఒక్క సంకేతముతో పోల్చి చూడగా, పాత లెక్కలో 2 కలల 27 వికలల తప్పు కనబడినది. కాలములో అది పది సెకండులు మాత్రమే. ఆ పది సెకండుల వలన మా నల్లజర్ల పటములో నాలుగు కిలోమీటర్లకు పైగా తూర్పునకు జరిగి కూర్చున్నది. నల్లజర్లయే కాదు, ఏలూరు, కొల్లేరు, కాశి, హిమాలయములు, అన్నియు జరిగినవి. దేశమంతటిని ఒక్కపెట్టున జరిపిన యీ తప్పు ఒక గింజ ధాన్యమునైన కదల్పలేదు. ఏ రైతు గట్టును చెడిపోలేదు. ఒకదానికొకటి యుండవలసిన దూరములో అవి ఉండనే యున్నవి. చోటు అనునది మఱియొకదానిని బట్టి చెప్పవలసినదే గాని తనంతట తాను లేదను తత్త్వమునకు ఇంతకంటె మంచి యుదాహరణము నాకు దొరకలేదు. మా ఊరికి ఈ యనుభవము క్రొత్తయు కాదు: 1925లో ఏర్పడిన పశ్చిమగోదావరి జిల్లాలో నుండి, 2022లో ఊరు కదలకనే తూర్పుగోదావరి జిల్లాలోనికి పోయినది.

విశాఖపట్టణమున గోడె వెంకట జగ్గారావు 1840లో తన స్వంత ధనముతో వేధశాల నెలకొల్పెను. డాల్ఫిన్ నోస్ కొండమీద జెండా యెత్తి పట్టణమునకు వేళ తెలుపు ఏర్పాటు చేసిన కుటుంబమది. ఆయన యల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని 1892లో తాను చనిపోవువఱకు శ్రద్ధతో నడిపి, 1874 నాటి శుక్రగమనమును గమనించెను. జమీందారీ ధనము భోగములలో పోవుచుండిన దినములలో ఈ మామా అల్లుండ్ర వ్యయము వేఱు తెఱగున నుండెను; వారి పేరు మన పాఠ్యపుస్తకములలో కానరాకుండుట మన లోపము.

1868 ఆగష్టు 18న సంభవించిన సంపూర్ణసూర్యగ్రహణమున ఎప్పుడు, ఎక్కడ అను రెండు ప్రశ్నలు కలిసి ఒక్కటే యైనవి. నీడ వనపర్తి మీదుగా గుంటూరునకు, అక్కడనుండి బందరునకు పరుగెత్తి సముద్రమున దిగినది. వనపర్తిలో రఘునాథాచారి, గుంటూరిలో ఫ్రెంచి పండితుడు జాన్సెన్, బందరులో మద్రాసు వేధశాలాధికారి పోగ్సన్ కాచుకొనియుండిరి. కొన్ని నిమిషములు ముందు వెనుకలైనను, కొన్ని యామడలు ప్రక్కకు తప్పినను చూడవలసినది తప్పిపోవును. ఆ నాడు సూర్యుని యంచున కనబడిన పసుపుపచ్చని గీతయే హీలియమను మూలద్రవ్యమునకు తొలి జాడ. భూమిమీద అది 1895లో గాని చేజిక్కలేదు. జాన్సెన్ మఱునాడు గ్రహణము లేకయే సూర్యజ్వాలలను చూచు మార్గమును గుంటూరిలోనే కనిపెట్టెను.

1890ల దశకములో బెజవాడనుండి తూర్పునకు రైలుమార్గము వచ్చినది. ఏలూరు, తాడేపల్లిగూడెము స్టేషనులలో గడియారము వ్రేలాడినది. అది చూపినది మద్రాసు కాలము. 1906 జనవరి 1వ తేదీనుండి, గ్రీనిచ్చికి 82 అంశల 30 కలలు తూర్పున, మన తునికి సమీపముగా పోవు రేఖ కాలమే దేశమున కంతటికి కాలమైనది. ఒక్క రాత్రిలో గడియారములు దాదాపు తొమ్మిది నిమిషములు ముందుకు దూకినవి. కలకత్తా 1948 వఱకు, బొంబాయి 1955 వఱకు తమ పాత కాలమును విడువలేదు. యుద్ధకాలమున 1942నుండి 1945 వఱకు గడియారమును గంటసేపు ముందుకు త్రిప్పి యుంచిరి. వీనిలో నొక్కటియు సూర్యుని కదల్పలేదు. నేటికిని మా ఊరి సొంత పొద్దు చేతిగడియారముకంటె నాలుగు నిమిషములకు పైగా వెనుకబడియే యున్నది. మేఘనాథ సాహా ఆధ్వర్యమున 1952లో ఏర్పడిన పంచాంగసంస్కరణసంఘమువారు దేశమునకంతటికి ఒక కేంద్రస్థానమును నిర్ణయించుచు రేఖాంశము ఈ 82½ అంశలను, అక్షాంశము ఉజ్జయినిదిని గ్రహించిరి. క్రొత్తదానిని పాతదానితో పెండ్లి చేసిన యీ పద్ధతి నాకు నచ్చినది.

ఆ సాహాయే యువకుడుగా నున్నపుడు సత్యేంద్రనాథ బోసుతో గూడి ఐన్‌స్టైన్, మింకోవ్‌స్కీల వ్యాసములను జర్మను భాషనుండి ఆంగ్లములోనికి తెచ్చెను; 1920లో కలకత్తా విశ్వవిద్యాలయము వానిని ప్రకటించెను. అంతకుముందు న్యూటను 1687లో, దేనిని ఆధారముగా గొనక తనంతట తాను నిలిచియుండు దేశము కలదనెను. 1905లో ఐన్‌స్టైన్ అట్టిదానితో పనిలేదనెను. 1908లో మింకోవ్‌స్కీ దేశకాలములను ఒక్క వస్తువుగా నేసి చూపెను. ఈ వస్త్రములో ‘అదే చోటు, వేఱొక కాలము’ అను మాటకు, దేనిని బట్టి యని చెప్పనిదే అర్థము లేదు. విశ్వమంతట నిండిన ప్రాచీనకాంతిని 1965లో గుర్తించిన తరువాత, దానిని బట్టి సూర్యుడు సెకండునకు 370 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నాడని కొలిచిరి. కొందఱు ఇదే అచలమైన ఆధారమని మురిసిరి. అదియు అనుకూలమైన మఱియొక గుఱుతే గాని ప్రకృతి పాతిన సరిహద్దురాయి కాదు.

అయినచో కాలయాత్రికుడు ఎక్కడ దిగును? 1949లో గోడెల్ అను గణితజ్ఞుడు, ఐన్‌స్టైన్ సమీకరణములకు లోబడియే, తిరిగి తన గతమునకు తాను చేరగల విశ్వమొకటి ఊహింపవచ్చునని చూపెను. మన విశ్వము అట్టిది కాదని పరిశీలనలు తెలుపుచున్నవి. అట్టిదానిలో సైతము ప్రయాణికుడు ఇక్కడ మాయమై అక్కడ ప్రత్యక్షము కాడు. రైలుబండి స్టేషను వెంట స్టేషను దాటునట్లు, వాడు ఒక్క క్షణమును వదలక, ఒక్క అడుగును దాటక పోవలెను. వాని దారియే వాని గమ్యమును చెప్పును. చలనచిత్రములలోని గంతు శాస్త్రములో లేదు గనుక గంతు వేసినవాడు ఎక్కడ పడునను చిక్కును లేదు.

భవిష్యత్తునకు పోవుట మాత్రము కథ కాదు. 1971లో హేఫెలె, కీటింగు అను నిరువురు సీసియము గడియారములను సామాన్యప్రయాణికుల విమానములలో భూమి చుట్టు త్రిప్పిరి. తూర్పుగా తిరిగినవి ఇంటనుండినవానికంటె సెకండును నూరుకోట్ల భాగములు చేసినచో అందు 59 భాగములు వెనుకబడినవి. పడమటగా తిరిగినవి 273 భాగములు ముందుపడినవి. రైవతుని కథలో యుగములైనది ఇక్కడ లవలేశమైనది, అంతే భేదము. ఈ లవలేశము లేనిదే నేడు మన చేతిఫోను దారి చూపలేదు. అమెరికావారి మార్గదర్శకోపగ్రహములలోని గడియారములు దినమునకు సెకండులో పదిలక్షవ వంతులు 38 చొప్పున భూమిగడియారములను మించును. దిద్దనిచో ఒక దినములో దూరపు లెక్క పది కిలోమీటర్లకు మించి చెడును. మన శ్రీహరికోటనుండి 2013 జూలై 1న ఎగసిన తొలి మార్గదర్శకోపగ్రహము తన గడియారములు మూడును చెడిపోవుటచేత, ఆకాశమున నిలిచియుండియు చోటు చెప్పుటకు పనికిరాకపోయెను. 2023 మే 29న పోయిన ఉపగ్రహములో మన దేశమున చేసిన రుబీడియము గడియారము నుంచిరి. టాపింగు ఓడలకై చేసిన పని ఇదియే. గడియారము మాత్రము సముద్రమునుండి ఆకాశమునకు పోయినది.

ఈ సంగతులు పండితులకే గాని ఇండ్లకు అక్కఱలేదని తలపరాదు. మా ప్రాంతమున కుమారుడో కుమార్తెయో అమెరికాలో లేని వీధి లేదు. తల్లి తిథిని తండ్రి ఇక్కడ బుధవారమున పెట్టగా, కుమారుడు అక్కడ మంగళవారముననే పెట్టెనని తెలిసి ఆ వృద్ధుడు కుమిలిపోవుట నేనెఱుగుదును. తిథి యనగా సూర్యచంద్రుల నడుమ పండ్రెండు అంశల యెడము. అది మొదలగు క్షణము లోకమునకంతటికి ఒక్కటే. మన మంగళవారము సాయంకాలము నాలుగు గంటలకు మొదలై బుధవారము రెండు గంటలకు ముగిసిన తిథి, అమెరికా నడుమప్రాంతమున శీతకాలమందు మంగళవారము తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలై ఆ రాత్రి రెండున్నరకు ముగియును. శ్రాద్ధమునకు చెప్పిన అపరాహ్ణము కుమారునకు మంగళవారమే దొరకినది. తండ్రికి బుధవారమే దొరకినది. ఇరువురును ఒక్క తిథినే పట్టుకొనిరి. నల్లజర్ల పంచాంగమును అక్కడ గోడకు తగిలించి, ఇక్కడి ఘడియలనే చూచి చేసియున్నచో అది దేశాంతరసంస్కారమును మఱచుట యగును. కుమారుని తప్పు పట్టువారు ముందు సిద్ధాంతగ్రంథమును తప్పు పట్టవలెను. అమ్మను తలచుకొనుటలో ఇరువురి మధ్య అడ్డు వచ్చినది భూమి గుండ్రదనము మాత్రమేనని ఆ వృద్ధునికి ఎవరైన కాగితముపై గీచి చూపియున్నచో, ఆ సంవత్సరమంతయు ఆ యింటిలో మాటలు లేకుండ పోయియుండెడివి కావు.

మద్రాసు స్తంభము నుంగంబాకమున వాతావరణశాఖవారి ఆవరణలో నేటికిని నిలిచియున్నది. తెలుగు శాసనమును చెక్కినవాడు అది వెయ్యేండ్లు కదలదనుకొనియుండును. భారతభూఖండము ఏడాదికి సుమారు అయిదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యమునకు జరుగుచున్నది. 1792నుండి ఇప్పటికి ఆ రాయి పదిమీటర్లకు పైగా నడచినది. శాసనము కోరిన చదువరి వచ్చునాటికి ఏబది మీటర్లు నడచియుండును.